ఆగి ఉన్న యంత్రాన్ని తెరవడం

(మాస్టారి స్మారక సభలో చేసిన ఉపన్యాసం. అచ్చు కోసం అక్కడక్కడా సవరించాను.)



నన్ను పిలిచినప్పుడు నిర్వాహకులు ఒకే ఒక్క షరతు పెట్టారు. కృత్రిమ మేధ గురించి తప్ప దేని గురించైనా మాట్లాడమన్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది. ముప్ఫై ఏళ్ళు ఆపరేటింగ్ సిస్టమ్స్ పాఠం చెప్పిన మనిషి పేరిట సభ పెట్టుకుని, ఫైల్ సిస్టం ఊసెత్తకుండా వెళ్ళిపోతే ఆయన ఊరుకోరు. అందుకని నేను ఎంచుకున్న విషయం ఇది: ఆపేసి ఉన్న వర్చువల్ మెషీన్ (వీఎం) డిస్కును బయటినుంచి తెరిచి చూడటానికి, అందులో మార్పులు చేయడానికి ఉన్న ప్రోగ్రామింగ్ ఫంక్షన్లు. ముఖ్యంగా లిబ్‌గెస్ట్‌ఎఫ్‌ఎస్ అనే లైబ్రరీ. ఇది మరీ మూలన పడి ఉండే విషయమని మీలో కొందరికి అనిపించవచ్చు. అయితే 2024 జులై 19 గుర్తు తెచ్చుకోండి.

ఆ ఉదయం, మన టైం ప్రకారం 9 గంటల 39 నిమిషాలకు, క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ తన విండోస్ సాఫ్ట్‌వేర్‌కు ఒక చిన్న అప్‌డేట్ పంపింది. అందులో తప్పుంది. దాన్ని అందుకున్న యంత్రాలు నీలి తెర చూపించి పడిపోయాయి. మళ్ళీ బూట్ చేస్తే మళ్ళీ పడిపోయాయి. 78 నిమిషాల్లో కంపెనీ అప్‌డేట్‌ను వెనక్కి తీసుకుంది కానీ, అప్పటికే పడినవాటికి దానివల్ల ఒరిగిందేమీ లేదు. మైక్రోసాఫ్ట్ లెక్క ప్రకారం ఆ యంత్రాలు 85 లక్షలు. హైదరాబాద్ నుంచి కోల్‌కతా వెళ్ళే ప్రయాణికుడికి ఇండిగో వాళ్ళు చేత్తో రాసిచ్చిన బోర్డింగ్ పాస్ ఫొటో ఆ రోజు అందరి ఫోన్లలో తిరిగింది.

మరమ్మతు చెప్పుకోవడానికి ఒక్క వాక్యం. విండోస్ సిస్టం32లో డ్రైవర్ల డైరెక్టరీకి వెళ్ళి, క్రౌడ్‌స్ట్రైక్ ఫోల్డర్లో 'సీ-00000291'తో పేరు మొదలయ్యే ఫైలు తీసేయాలి, అంతే. ఎదురుగా ఉన్న ల్యాప్‌టాప్ అయితే సేఫ్ మోడ్‌లో పెట్టి తీసేయొచ్చు. మరి క్లౌడ్‌లో ఉన్న వీఎం సంగతి? దాని ముందు కుర్చీ లేదు, కీబోర్డు లేదు. పదిహేనుసార్లు దాకా రీబూట్ చేసి చూడండని మైక్రోసాఫ్ట్ క్లౌడ్ అయిన అజూర్ వాళ్ళు సలహా ఇచ్చారు, నవ్వకండి, కొందరికి అది పనిచేసింది కూడా. పనిచేయనివాళ్ళకు అజూర్, అమెజాన్ చెప్పిన దారి వేరు: పడిపోయిన వీఎం నుంచి డిస్కు ఊడదీసి, బాగున్న ఇంకో వీఎంకు రెండో డిస్కుగా తగిలించి, ఆ ఫైలు చెరిపేసి, డిస్కును మళ్ళీ మొదటిదానికి పెట్టండి. అంటే లోపలివాడు లేవలేని స్థితిలో ఉన్నప్పుడు బయటినుంచి వెళ్ళి ఒక్క ఫైలు తీయడం. నా ఉపన్యాసం ఆ పని గురించే. అది కనిపించినంత అమాయకమైన పని కాదని చెప్పడమే నా ఉద్దేశం. మార్చడం మాట అటుంచండి, చూడటం కూడా ఒక పనే. దానివల్ల చూసేవాడికీ, చూడబడే డిస్కుకూ కూడా హాని జరగొచ్చు.

డిస్క్ ఇమేజ్ అంటే హోస్ట్ మీద, అంటే వీఎంను నడిపే యంత్రం మీద, ఉన్న ఒక మామూలు ఫైలు. గెస్ట్, అంటే లోపల నడిచే వీఎం, మాత్రం దాన్ని హార్డ్ డిస్కు అనుకుంటుంది. ఐబీఎం 1972లో వీఎం/370 తెచ్చినప్పటినుంచీ ఈ మాయ ఇలాగే నడుస్తోంది, అప్పట్లో మినీడిస్క్ అనేవాళ్ళు. ఇప్పుడు వీఎంవేర్ వాళ్ళది వీఎండీకే, మైక్రోసాఫ్ట్ వాళ్ళది వీహెచ్‌డీ, వర్చువల్‌బాక్స్‌ది వీడీఐ, ఫాబ్రీస్ బెల్లార్డ్ 2003లో విడుదల చేసిన క్యూఎము వైపునుంచి వచ్చింది క్యూకౌ2. ఏ రూపమూ వద్దనుకుంటే ఉన్నదున్నట్టు రా ఇమేజ్.

మాస్టారి దగ్గర చదివినవాళ్ళకు ఆయన పద్ధతి తెలుసు. ఏ టూల్ అయినా సరే, అది ముందుగా ఏ బైట్లు చదువుతుందో బోర్డు మీద రాసి చూపించాకే నడపనిచ్చేవారు. ఆ పద్ధతిలోనే ఒక రా ఇమేజ్ తీసుకుందాం. మొదటి సెక్టారు 512 బైట్లు. దాని చివర 510, 511 స్థానాల్లో హెక్సాడెసిమల్ లెక్కలో 55, ఏఏ ఉంటే పార్టిషన్ పట్టిక ఉందని అర్థం. రెండో సెక్టారు 'ఈఎఫ్ఐ పార్ట్' అన్న ఎనిమిది అక్షరాలతో మొదలైతే అది జీపీటీ. పట్టిక చూపించిన చోటికి వెళ్ళి, అక్కడ ఉన్నది ఎక్స్‌ట్4 ఫైల్ సిస్టం అయితే, 1024 బైట్లు వదిలేస్తే దాని సూపర్‌బ్లాక్ వస్తుంది. అందులో 56వ బైటు దగ్గర 53, ఆ పక్కన ఈఎఫ్. ఆ రెండు బైట్లు దొరికితే అది ఎక్స్‌ట్ కుటుంబం. ఎక్స్‌ఎఫ్‌ఎస్ అయితే పార్టిషన్ మొదట్లోనే 'ఎక్స్‌ఎఫ్‌ఎస్‌బీ' అని నాలుగు అక్షరాలు. మధ్యలో వాల్యూమ్ మేనేజర్ (ఎల్‌వీఎం) పొర ఉంటే దాని గుర్తు వేరు, ఎన్‌క్రిప్షన్ ఉంటే ఇంకొకటి. ఇలా పొర మీద పొర ఒలుచుకుంటూ వెళ్తే చివరికి ఒక డైరెక్టరీ, అందులో ఒక ఫైలు దొరుకుతాయి.

ఈ ఒలిచే పనికి 2009కి ముందు చాలామంది వాడిన పద్ధతి మోటుది. రూట్ యూజర్‌గా లాగిన్ అవ్వడం, లూప్ డివైస్‌కు ఇమేజ్ తగిలించడం, కేపార్ట్‌ఎక్స్‌తో పార్టిషన్లు బయటికి తీయడం, హోస్ట్ మీదనే మౌంట్ చేయడం. ఇప్పటికీ చేసేవాళ్ళున్నారు. ఇందులో ఉన్న ప్రమాదాలను కొంచెం నిదానంగా చూడాలి, ఎందుకంటే తర్వాత వచ్చిన లైబ్రరీ రూపురేఖలన్నీ వీటినుంచే పుట్టాయి.

చదివేవాడి మీదికి వచ్చే ప్రమాదం చూడండి. మౌంట్ చేయడమంటే ఆ డిస్కు మీద ఉన్న అంకెలను మీ హోస్ట్ కెర్నల్ నమ్మి లెక్కలు చేయడం. ఈ ఐనోడ్ ఫలానా బ్లాకులో ఉంది, ఈ డైరెక్టరీ పొడవు ఇంత, ఈ విస్తారంలో ఇన్ని భాగాలు అని డిస్కు చెబుతుంది. ఆ అంకెలు రాసింది ఎవరు? గెస్ట్ లోపల రూట్ అధికారం ఉన్న ఎవరైనా కావచ్చు. కెర్నల్లో ఉన్న ఫైల్ సిస్టం డ్రైవర్లు చాలావరకు పాడైన డిస్కును దృష్టిలో పెట్టుకుని రాసినవే కానీ, పగబట్టి తయారుచేసిన డిస్కును ఊహించి రాసినవి కావు. అలాంటి ఇమేజ్‌ను హోస్ట్ మీద మౌంట్ చేస్తే దాడి నేరుగా కెర్నల్ మీద జరుగుతుంది.

ఇక చదవబడే డిస్కుకు వచ్చే ప్రమాదం. చదవడానికి మాత్రమే అని చెప్పి, ఆర్‌ఓ పెట్టి, ఎక్స్‌ట్4ను మౌంట్ చేశారనుకోండి. వీఎం సవ్యంగా ఆగకుండా కరెంటు పోయినట్టు ఆగి ఉంటే, కెర్నల్ ముందు జర్నల్‌ను తిరగేసి, మిగిలిపోయిన రాతలన్నీ డిస్కు మీద పూర్తిచేస్తుంది. ఆర్‌ఓ అని మీరు చెప్పినా సరే! జర్నల్ ముట్టుకోవద్దని నోలోడ్ అనే ఇంకో ఆప్షన్ విడిగా ఇవ్వాలి, లేదా కింద ఉన్న డివైస్‌నే రాయడానికి వీల్లేకుండా చేయాలి. నేర పరిశోధనలో సాక్ష్యంగా తెచ్చిన డిస్కు అయితే ఆ చిన్న రాత చాలు, కోర్టులో ప్రశ్నలు రావడానికి.

మూడోది నాకు అన్నిటికంటే ముచ్చటైనది. మౌంట్ దాకా కూడా వెళ్ళక్కర్లేదు. 'నువ్వు ఏ ఫార్మాట్?' అని ఇమేజ్‌నే అడగడంలో కూడా ప్రమాదం ఉంది. గెస్ట్‌కు మీరు రా డిస్కు ఇచ్చారు. దాని మొదటి బైటు నుంచి చివరి బైటు దాకా గెస్ట్ ఏమైనా రాసుకోవచ్చు. గెస్ట్ తెలివిగా మొదటి నాలుగు బైట్లలో క్యూ, ఎఫ్, ఐ అన్న అక్షరాలు, ఆ పక్కన 251 రాసింది. అది క్యూకౌ2 గుర్తు. 8వ బైటు దగ్గర బ్యాకింగ్ ఫైలు (ఇమేజ్‌కు అడుగున ఉండే ఫైలు) పేరు ఎక్కడుందో చెప్పే అంకె పెట్టి, ఆ పేరుగా హోస్ట్ మీద ఉన్న పాస్‌వర్డ్ ఫైలు దారి రాసింది. తర్వాతిసారి హోస్ట్ ఆ ఇమేజ్‌ను తెరిచి, మొదటి బైట్లు చూసి, ఓహో ఇది క్యూకౌ2 అనుకుంటుంది. హోస్ట్ సొంత ఫైలును గెస్ట్‌కు డిస్కుగా చూపిస్తుంది. అందుకే యాడ్ డ్రైవ్ అనే ఫంక్షన్ పిలిచేటప్పుడు ఫార్మాట్ ఏదో మీరే చెప్పండి, రా అయితే రా అని రాయండి అని లిబ్‌గెస్ట్‌ఎఫ్‌ఎస్ డాక్యుమెంటేషన్ గట్టిగా హెచ్చరిస్తుంది. ఇది పాత కథ అనుకోకండి. 2024 జులైలోనే ఓపెన్‌స్టాక్ అనే క్లౌడ్ సాఫ్ట్‌వేర్‌లో ఇలాంటి లోపం బయటపడింది, అక్కడ బ్యాకింగ్ ఫైలుకు బదులు క్యూకౌ2లో ఉన్న ఎక్స్‌టర్నల్ డేటా ఫైల్ సదుపాయం వాడారు.

రెడ్ హ్యాట్‌లో పనిచేసే రిచర్డ్ జోన్స్ 2009లో లిబ్‌గెస్ట్‌ఎఫ్‌ఎస్ మొదలుపెట్టాడు. ఆయన చేసిన పని చెబితే మొదట్లో విడ్డూరంగా ఉంటుంది. ఒక ఫైలు చదవడానికి ఒక పూర్తి వర్చువల్ మెషీన్ లేపుతాడు. మీ ప్రోగ్రాము లాంచ్ అన్న ఫంక్షన్ పిలవగానే క్యూఎము కింద ఒక బుల్లి లైనక్స్ బూట్ అవుతుంది. దాన్ని అప్లయన్స్ అంటారు. సూపర్‌మిన్ అనే పరికరం హోస్ట్‌లోని కెర్నల్‌నూ ప్యాకేజీలనూ తీసుకుని దాన్ని అప్పటికప్పుడు కూర్చిపెడుతుంది. అందులో ఒక డీమన్ నడుస్తుంది. మీ ప్రోగ్రాము వర్చువల్ సీరియల్ పోర్టు ద్వారా దానికి సందేశాలు పంపుతుంది, అది లోపల మౌంట్ చేసి, చదివి, జవాబు పంపుతుంది. పగబట్టిన డిస్కు కెర్నల్‌ను కూలిస్తే ఆ బుల్లి లైనక్స్ కెర్నల్ కూలుతుంది, మీ హోస్ట్ పదిలంగా ఉంటుంది. దీనికి రూట్ అధికారం కూడా అక్కర్లేదు. ఇమేజ్ ఫైలు చదివే హక్కు ఉంటే చాలు. చదవడానికి మాత్రమే అని చెబితే అసలు ఇమేజ్ మీద ఒక తాత్కాలిక క్యూకౌ2 పొర పరుస్తుంది. జర్నల్ తిరగేసినా ఆ రాతలు పొర మీదే పడతాయి, పని అయ్యాక పొరను పారేస్తుంది.

కొన్ని సెకన్ల ఆలస్యానికి ఇంత రక్షణ కొనుక్కోవడం నా దృష్టిలో చవక బేరం. వేల ఇమేజ్‌లు గాలించేవాళ్ళు వేగం చాలదని విసుక్కుంటారు, వాళ్ళ బాధ అబద్ధం కాదు. కానీ వేగం కోసం హోస్ట్ మీద మౌంట్ చేస్తామనేవాళ్ళతో నేను ఏకీభవించను.

లైబ్రరీ సీ భాషలో ఉన్నా, వందలాది ఫంక్షన్ల వర్ణనలన్నీ ఓకామెల్‌లో ఒకచోట రాసి, వాటినుంచి పైథాన్, పెర్ల్, రూబీ, జావా, గో వగైరా భాషల బైండింగ్‌లనూ, డాక్యుమెంటేషన్‌నూ, గెస్ట్‌ఫిష్ అనే షెల్‌నూ యంత్రమే పుట్టిస్తుంది. దీని మీద విడిగా ఒక ఉపన్యాసం చెప్పొచ్చు, ఇవాళ వదిలేస్తాను.

ఇన్‌స్పెక్షన్ దగ్గరికి వద్దాం. ముక్కూ మొహం తెలియని డిస్కు ఒకటి మీకు ఇచ్చారు. ఇన్‌స్పెక్ట్ ఓఎస్ అన్న ఫంక్షన్ పిలిస్తే అది అన్ని పార్టిషన్లూ వెతికి, ఆపరేటింగ్ సిస్టం రూట్ ఎక్కడుందో చెబుతుంది. లైనక్స్ అయితే ఓఎస్-రిలీజ్ ఫైలు, ఎఫ్‌ఎస్‌ట్యాబ్ చదువుతుంది. అక్కడొక మెలిక ఉంది. ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో వీడీఏ1 అని రాసి ఉండొచ్చు. అప్లయన్స్‌లో అదే పార్టిషన్ పేరు ఎస్‌డీఏ1. యూయూఐడీ, లేబుల్, ఎల్‌వీఎం పేర్లు ఉంటే ఇంకో రకం. ఆ పేర్లన్నిటికీ పొంతన కుదిర్చి ఏది ఎక్కడ మౌంట్ చేయాలో జాబితా ఇవ్వడం లైబ్రరీ పని. ఆ జాబితాను దారి పొడవును బట్టి పేర్చుకుని, పొట్టివి ముందు మౌంట్ చేయాలి. రూట్‌కంటే ముందు బూట్‌ను ఎక్కిస్తే రూట్ వచ్చి దాన్ని కప్పేస్తుంది.

విండోస్ అయితే రిజిస్ట్రీని నమ్ముకోవాలి. రిజిస్ట్రీ ఫైళ్ళు 'ఆర్‌ఈజీఎఫ్' అన్న అక్షరాలతో మొదలయ్యే బైనరీ ఫైళ్ళు. వాటిని చదవడానికి హైవెక్స్ అని వేరే లైబ్రరీయే రాయాల్సి వచ్చింది. సాఫ్ట్‌వేర్ అనే రిజిస్ట్రీ ఫైలు (హైవ్)లో ప్రొడక్ట్‌నేమ్ అన్న విలువ చూస్తే ఏ విండోసో తెలుస్తుందని అనుకుంటాం. విండోస్ 11 డిస్కులో కూడా అక్కడ విండోస్ 10 అనే ఉంటుంది! బిల్డ్ నంబరు 22000 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉందా అని చూస్తేగానీ 11 అని తేల్చలేం. సొంత పేరే సరిగ్గా రాసుకోని సాక్షిని ఏం చేయాలి?

సాక్షి అబద్ధమాడొచ్చని కూడా గుర్తుంచుకోవాలి. హోస్ట్‌నేమ్, ఇన్‌స్టాల్ అయిన సాఫ్ట్‌వేర్ల పేర్లు, ఇవన్నీ గెస్ట్ రాసిపెట్టిన అక్షరాలు. వాటిని తెచ్చి మీ అడ్మిన్ వెబ్ పేజీలో నేరుగా చూపించారంటే, హోస్ట్‌నేమ్ స్థానంలో ఎవరో పెట్టిన జావాస్క్రిప్ట్ మీ బ్రౌజర్‌లో నడుస్తుంది. అప్లయన్స్ మీ కెర్నల్‌ను కాపాడుతుంది కానీ, తిరిగొచ్చిన స్ట్రింగ్‌ను కాపాడదు. అది మీరే శుభ్రం చేసుకోవాలి.

ఇక మార్చడం. క్రౌడ్‌స్ట్రైక్ మరమ్మతునే ఈ ఫంక్షన్లతో రాద్దాం. డ్రైవ్ చేర్చి, ఫార్మాట్ చెప్పి, లాంచ్ చేస్తాం. ఇన్‌స్పెక్ట్ చేసి సీ డ్రైవ్‌ను మౌంట్ చేస్తాం. ఇప్పుడు దారి. విండోస్‌లో పెద్దక్షరాలూ చిన్నక్షరాలూ ఒకటే, కానీ మనం ఎన్‌టీఎఫ్‌ఎస్‌ను లైనక్స్ నుంచి చూస్తున్నాం, ఇక్కడ ఒకటి కావు. ఒక డిస్కులో సిస్టం32 అన్న పేరులో ఎస్ పెద్దది, ఇంకోదానిలో చిన్నది. అందుకని కేస్ సెన్సిటివ్ పాత్ అన్న ఫంక్షన్‌కు మన దారి ఇస్తే అది డిస్కు మీద ఉన్న అసలు స్పెల్లింగు తెచ్చి ఇస్తుంది. గ్లాబ్ ఎక్స్‌పాండ్‌తో 291 ఫైళ్ళ జాబితా తీసి, ఒక్కొక్కటీ ఆర్‌ఎం చేస్తాం. తర్వాత అన్నీ అన్‌మౌంట్ చేసి, షట్‌డౌన్ పిలిచి, దాని జవాబు చూసుకుని, అప్పుడు క్లోజ్. చాలామంది షట్‌డౌన్ వదిలేసి నేరుగా క్లోజ్ చేస్తారు. చివరి రాతల్లో తప్పు జరిగితే ఆ కబురు వచ్చేది షట్‌డౌన్ జవాబులోనే. పాతిక లైన్ల ప్రోగ్రాము. ఇమేజ్‌ల జాబితా ఇస్తే వరసగా చేసుకుపోతుంది.

ఒక్క షరతు మాత్రం ప్రాణం లాంటిది: వీఎం ఆగి ఉండాలి. నడుస్తున్న వీఎం డిస్కులో బయటినుంచి రాయడమంటే, ఒకే పద్దు పుస్తకంలో ఇద్దరు గుమాస్తాలు ఒకరికొకరు చెప్పుకోకుండా రాయడం. లోపలి కెర్నల్ తన జ్ఞాపకంలో ఉన్న పాత పేజీలనే నిజమనుకుని మీ రాతల మీద రాస్తుంది, ఫైల్ సిస్టం చిందరవందర అవుతుంది. 2017 నుంచి క్యూఎము ఇమేజ్ ఫైళ్ళకు లాకులు వేస్తోంది కాబట్టి చాలాసార్లు అదే అడ్డుపడుతుంది. ఆ లాకును దాటేసే ఆప్షన్ వెతికేవాళ్ళను చూస్తే మాత్రం భయమేస్తుంది.

ఆగి ఉన్నట్టు కనిపించినా ఆగనివి కూడా ఉంటాయి. విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అని ఒకటి వచ్చింది. షట్ డౌన్ నొక్కితే కెర్నల్ నిజంగా ఆగకుండా నిద్రపోతుంది, ఎన్‌టీఎఫ్‌ఎస్ సగం పనిలో ఉండిపోతుంది. అలాంటి డిస్కులో రాయడానికి లైనక్స్ ఎన్‌టీఎఫ్‌ఎస్ డ్రైవర్ ఒప్పుకోదు. ఒప్పుకోకపోవడమే సరైనది. బ్రాడ్‌కామ్ 2023 నవంబరులో వీఎంవేర్‌ను కొన్నాక లైసెన్సు ధరలు మారి, చాలా కంపెనీలు తమ వీఎంలను లైనక్స్‌లో ఉన్న కేవీఎంకు తరలించే పనిలో పడ్డాయి. ఆ తరలింపుకు వాడే వర్ట్-వీ2వీ ఈ లైబ్రరీ మీదే నడుస్తుంది, ఈ ఫాస్ట్ స్టార్టప్ దగ్గరే ఆగిపోతుంది కూడా. అది డిస్కును కాపీ చేసి ఊరుకోదు. కొత్త చోట బూట్ అవ్వడానికి కావలసిన వర్టియో డ్రైవరును విండోస్ లోపల పెట్టి, రిజిస్ట్రీలో నమోదు చేస్తుంది. బయటినుంచి చేయలేనివాటిని మొదటి బూట్‌లో నడిచే స్క్రిప్టుకు అప్పగిస్తుంది.

తరలింపు తర్వాత కాపీల సంగతి: ఒక మూల ఇమేజ్ (గోల్డెన్ ఇమేజ్) తయారుచేసి దాన్నే వందసార్లు కాపీ చేయడం మన కంపెనీల్లో రోజూ జరిగే పని. కాపీలన్నిటిలో ఒకే ఎస్‌ఎస్‌హెచ్ హోస్ట్ కీ, ఒకే మెషీన్-ఐడీ. ఒకే మెషీన్-ఐడీ ఉంటే డీహెచ్‌సీపీ రెండు వీఎంలకు ఒకే అడ్రసు ఇచ్చి కూర్చోవచ్చు. వర్ట్-సిస్‌ప్రెప్ అనే టూల్ వీటిని తుడుస్తుంది, లాగులూ చరిత్రలూ తీసేస్తుంది. కానీ ఫైలు తీసేయడం వేరు, దాని బైట్లు పోవడం వేరు. యూరెకామ్ తదితర సంస్థల పరిశోధకులు అమెజాన్‌లో బహిరంగంగా పెట్టిన 5 వేలకు పైగా ఇమేజ్‌లను పరిశీలించి 2012లో ఫలితాలు ప్రచురించారు. వాటిలో మరచిపోయిన ప్రైవేట్ కీలు దొరికాయి. చెరిపేశామనుకున్న ఫైళ్ళు కూడా ఖాళీ బ్లాకుల్లోంచి తిరిగి వచ్చాయి. ఇమేజ్ ఎవరికైనా ఇచ్చే ముందు వర్ట్-స్పార్సిఫై లాంటిదానితో ఖాళీ చోటును వదిలించుకోవాలని నేను పట్టుబడతాను. స్థలం ఆదా అవుతుందని చాలామంది దాన్ని వాడతారు. నేను రహస్యం కోసం వాడతాను.

చివరగా, ఈ తలుపు మూసుకుపోతున్న సంగతి. డిస్కు ఎన్‌క్రిప్ట్ అయి ఉంటే తాళంచెవి లేకుండా ఈ ఫంక్షన్లు పార్టిషన్ పట్టిక దగ్గరే ఆగిపోతాయి. తాళంచెవి ఇస్తే లైనక్స్ ఎన్‌క్రిప్షన్ లక్స్‌ను, విండోస్ ఎన్‌క్రిప్షన్ బిట్‌లాకర్‌ను కూడా లైబ్రరీ తెరుస్తుంది. క్రౌడ్‌స్ట్రైక్ దెబ్బ తగిలిన ఆ జులైలో కొన్ని చోట్ల రికవరీ కీలు దాచిన సర్వర్లు కూడా నీలి తెరలోనే ఉన్నాయి. ఇప్పుడు ఏఎండీ ఎస్‌ఈవీ, ఇంటెల్ టీడీఎక్స్ వచ్చాక ఇంకో అడుగు పడింది. వీఎం జ్ఞాపకాన్నే ప్రాసెసర్ ఎన్‌క్రిప్ట్ చేస్తుంది. తాను నడుపుతున్నది ఫలానా కోడే అని వీఎం రుజువు చూపిస్తేనే డిస్కు తాళంచెవి దానికి అందుతుంది. క్లౌడ్ నడిపేవాడికి చూసే దారి ఉండదు, అది ఉద్దేశపూర్వకంగా చేసిందే. నాకు ఇది మంచి మార్పుగానే తోస్తుంది. అయితే మరమ్మతు భారం పూర్తిగా డిస్కు సొంతదారు మీద పడుతుంది. ఆ పని తెలిసిన ఇంజనీర్లు ప్రతి కంపెనీలోనూ ఉండాలి.

అందుకని ఆపరేటింగ్ సిస్టమ్స్ ల్యాబ్ చెప్పేవాళ్ళకు ఒక విన్నపం. పిల్లలకు ఒక ఎక్స్‌ట్4 ఇమేజ్ ఇవ్వండి, సవ్యంగా ఆపనిది, జర్నల్లో రాతలు మిగిలినది. అందులో హోస్ట్‌నేమ్ ఏమిటో, చివరిసారి ఎవరు లాగిన్ అయ్యారో చెప్పమనండి. మొదలుపెట్టే ముందు, ముగించాక, ఇమేజ్ షా-256 హాష్ తీసి రికార్డులో రాయించండి. రెండూ సరిపోలకపోతే జవాబు ఒప్పయినా మార్కులు వేయకండి.